గోంగూర మటన్‌కి ఏ వైన్? ముక్కని వదిలేసి పులుపు చూడండి

"ఎర్ర మాంసానికి రెడ్ వైన్, చేపకీ కోడికీ వైట్ వైన్" అనే సూత్రం ఇప్పుడు వైన్ ముట్టని వాళ్ళకి కూడా తెలుసు. జూబ్లీహిల్స్‌లో ఏ హోటల్ మెనూ తెరిచినా అదే, ఫోన్‌లో వెతికినా అదే, అమెరికా నుంచి వచ్చిన బావగారు చెప్పేదీ అదే. దాన్ని నమ్మి గోంగూర మటన్ పక్కన క్యాబర్నే సావిన్యాన్ అనే ఖరీదైన రెడ్ వైన్ తెరిచారనుకోండి, కూరలో కారం రెట్టింపు వేసినట్టు అనిపిస్తుంది, వైన్ చేదెక్కి, వగరెక్కి గొంతులో పట్టేస్తుంది, నాలుగు గుటకల తర్వాత గ్లాసు పక్కకి, సీసా ఫ్రిజ్‌లోకి. ఆ తర్వాత ఆ ఇంట్లో "వైన్ మన తిండికి సెట్ కాదు" అనే తీర్పు ఖాయమైపోతుంది.

ఆ తీర్పు తొందరపాటు. సూత్రం పుట్టిన ఊళ్ళలో మాంసం అంటే ఉప్పూ మిరియాలూ చల్లి కాల్చిన ముక్క. ప్లేటులో అన్నిటికంటే గట్టి రుచి మాంసానిదే కాబట్టి, మాంసాన్ని బట్టి వైన్ ఎంచుకోవడం వాళ్ళకి సరిపోతుంది. మన కూరలో మాంసం రుచి ఎన్నో వరసలో వస్తుందో ఆలోచించండి. ముందు కారం, దాని వెనకే పులుపు, తర్వాత మసాలా, నూనె, అప్పుడు ముక్క. గోంగూర మటన్, గోంగూర చికెన్, గోంగూర రొయ్యలు... తినేవాళ్ళకి ఇవి మూడు వేరు వేరు కూరలు, వైన్‌కి మాత్రం మూడూ దాదాపు ఒకటే: గోంగూర. కాబట్టి హైదరాబాద్‌లో వైన్ ఎంచుకునేటప్పుడు అడగాల్సినవి రెండే ప్రశ్నలు, కారం ఎంత, పులుపు ఎంత. ముక్క సంగతి ఆ తర్వాత.

ముందు కారం సంగతి తేల్చుకుందాం, అసలు గొడవంతా దానితోనే. కారం నిజానికి రుచి కాదు, నొప్పి. మిరపకాయలో ఉండే క్యాప్సైసిన్ మన నోట్లో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని తడుతుంది. దాని అసలు పని 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే "కాలుతోంది" అని మెదడుకి కబురు పంపడం. క్యాప్సైసిన్ ఆ మీటని దొంగచాటుగా నొక్కుతుంది, అందుకే చల్లారిపోయిన పచ్చిమిరపకాయ పచ్చడి కూడా నోరు కాలుస్తుంది. ఈ గ్రాహకాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కి 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చింది. వైన్ తాగేవాళ్ళకి పనికొచ్చే ముక్క ఇక్కడుంది: ఆల్కహాల్ కూడా ఇదే గ్రాహకం మీద పని చేస్తుంది. అది మోగాల్సిన ఉష్ణోగ్రతని కిందికి దించేస్తుంది, ఎంత కిందికంటే మామూలు ఒంటి వేడికే అది కాలుతున్నట్టు అరవడం మొదలుపెడుతుంది. పుండు మీద స్పిరిట్ పోస్తే మండేది ఇందుకే. కారంగా ఉన్న బోటీ వేపుడు తిని 14 శాతం ఆల్కహాల్ ఉన్న రెడ్ వైన్ తాగితే మంట ఆరదు, పెరుగుతుంది.

దీనికి తోడు వగరు. రెడ్ వైన్‌ని ద్రాక్ష తొక్కలతో, గింజలతో కలిపి పులియబెడతారు, వాటిలోంచి ట్యానిన్లు దిగుతాయి. నేరేడు పళ్ళు తిన్నాక నాలుక బిగుసుకుపోతుంది చూడండి, అదే పదార్థాల పని. ట్యానిన్లు మన లాలాజలంలోని ప్రోటీన్లని పట్టుకుని గడ్డకట్టిస్తాయి, నోట్లో జారుడు పోయి గరుకు మిగులుతుంది. కాల్చిన మాంసంలో కొవ్వూ ప్రోటీనూ ఉప్పూ ఈ గరుకుని కప్పేస్తాయి, అందుకే అక్కడ ఆ జోడీ అంత బాగా కుదిరింది. మిరపకారంతో ఇప్పటికే మండుతున్న నోటికి ఈ గరుకు ఇంకో దెబ్బ. ఓక్ పీపాల్లో నిలవబెట్టిన పెద్ద పెద్ద రెడ్ వైన్లకి పీపా చెక్క నుంచి కూడా కొంత ట్యానిన్ వస్తుంది, అందువల్ల మన కారం ముందు ధర పెరిగేకొద్దీ వైన్ ఇంకా ఓడిపోయే విచిత్రం జరుగుతుంది. షాపులో అన్నిటికంటే ఖరీదైన రెడ్‌ని పుట్టినరోజు విందుకి పట్టుకెళ్ళే అలవాటు ఉన్నవాళ్ళు ఈ ఒక్క విషయం గుర్తు పెట్టుకుంటే బోలెడు డబ్బు మిగులుతుంది.

మరి మంటని తగ్గించేవి ఏవి? చల్లదనం కాసేపు తగ్గిస్తుంది. తీపి బాగానే తగ్గిస్తుంది. పాలల్లో, పెరుగులో ఉండే కేసీన్ అనే ప్రోటీన్ క్యాప్సైసిన్‌ని పట్టుకుని కడిగేస్తుంది, బిర్యానీ పక్కన రైతా ఊరికే రాలేదు. బీరు గురించి మాత్రం మనవాళ్ళ నమ్మకం కొంచెం సవరించుకోవాలి. చల్లగా ఉన్నంతసేపూ హాయే, కానీ గ్యాస్ నాలుక మీద కార్బానిక్ ఆమ్లంగా మారి తన చురుకు తాను పెడుతుంది, పైగా ఇక్కడ ఎక్కువమంది తాగేది స్ట్రాంగ్ బీరు. విస్కీ సంగతి సరే సరి, 42.8 శాతాన్ని నీళ్ళూ సోడా పోసి పలచన చేసినా మామూలుగా కలిపే పెగ్గు వైన్‌కి దగ్గరగానే తేలుతుంది.

ఇక పులుపు. నాకు ఈ మొత్తం విషయంలో బాగా నచ్చేది ఇదే. ద్రాక్షలో ప్రధానమైన ఆమ్లం టార్టారిక్ ఆమ్లం. పళ్ళల్లో అది ఎక్కువగా ఉండేవి చాలా తక్కువ, నిమ్మలో సిట్రిక్, యాపిల్‌లో మాలిక్, అలా ఒక్కోదానికి ఒక్కోటి. టార్టారిక్ ఆమ్లం దండిగా ఉండే ఇంకో పండు చింతపండు. అంటే చేపల పులుసులో ఉన్న పులుపూ, వైన్‌లో ఉన్న పులుపూ ఒకే పదార్థం. వైన్ మనకి పరాయిది అనేవాళ్ళకి కనీసం ఈ ఒక్క బంధుత్వమైనా చెప్పొచ్చు.

అయితే బంధువులు కదా అని కలిపి కూర్చోబెడితే చాలదు, పులుపుకి ఒక పద్ధతి ఉంది. పుల్లటిది తిన్నాక దానికంటే తక్కువ పుల్లగా ఉన్నది తాగితే చప్పగా, నీళ్ళలా అనిపిస్తుంది. వైన్ కనీసం కూరంత పుల్లగానైనా ఉండాలి, లేకపోతే కూర దాన్ని మింగేస్తుంది. మెత్తగా, పులుపు తక్కువగా, పండు తీపి వాసనతో ఉండే మెర్లో లాంటి రెడ్‌లు పులుసు ముందు నిలవలేనిది ఇందుకే. పులుపు ఎక్కువున్న సావిన్యాన్ బ్లాంక్, రీస్లింగ్, షెనిన్ బ్లాంక్ లాంటి వైట్‌లు నిలబడతాయి. రెడ్‌లలో ఇటలీ ద్రాక్ష సాంజోవేజే ఒకటి, దానికి పులుపు బాగా ఉంటుంది, టమాటా పోసి వండే వాళ్ళ ఊరి తిండితో పెరిగింది కాబట్టి మన టమాటా కూరలకీ పనికొస్తుంది.

ఇప్పుడు ఈ లెక్కలన్నీ ఒక చోట పెట్టి చూస్తే మన తిండికి కావాల్సిన డ్రింక్ ఇలా ఉండాలి: ఆల్కహాల్ తక్కువ, వగరు లేదు, కొంచెం తీపి, దండిగా పులుపు, లేత నురగ, చల్లదనం. ఇది ఎక్కడో విన్నట్టుందా? కల్లు. చెట్టు దిగిన పూటే తాగే ఈత కల్లు అచ్చంగా ఇదే. తాటి, ఈత చెట్ల గీత నుంచి కారే నీరులో చక్కెర ఉంటుంది, గాలిలో, లొట్టిలో ఉన్న ఈస్టూ బ్యాక్టీరియా గంటల్లోనే దాన్ని పులియబెట్టేస్తాయి. పొద్దున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి తీపీ పులుపూ సమంగా, సాయంత్రానికి పుల్లగా, మర్నాటికి వెనిగర్ దారి పడుతుంది. ఆల్కహాల్ మామూలుగా బీరు స్థాయి దాటదు. దాని పక్కన మనవాళ్ళు పెట్టుకునేది ఏంటి? కారం దట్టించిన బోటీ, తలకాయ కూర, ఎండు చేపల వేపుడు, శనగ గుడాలు. ఎవరూ ఏ యాప్‌లోనూ చూసి పెట్టుకోలేదు, తరాలుగా తాగుతూ తింటూ కుదుర్చుకున్నారు, ఇప్పుడు లెక్క వేసి చూస్తే శాస్త్రం చెప్పేది కూడా అదే అవుతోంది.

నగరంలో మంచి కల్లు దొరకడం మాత్రం కష్టం. చెట్లు లేని చోట వేలమందికి సరిపడా కల్లు ఎక్కడి నుంచి వస్తుందనేది అందరికీ తెలిసిన అనుమానమే, 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి మనుషులే పోయారు. అల్ప్రాజోలం లాంటి మత్తు మందులు కలుపుతున్నారన్న కేసులు ఏళ్ళుగా నడుస్తున్నాయి. కాబట్టి తెలిసిన గీత కార్మికుడు కళ్ళ ముందు దించితే తప్ప నగరం కల్లు జోలికి పోవద్దనే నా మాట. పులియకముందు తాగే నీరా కావాలంటే నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ పెట్టారు, దానిలో మత్తు ఉండదు, తియ్యగా ఉంటుంది, కారపు వేపుడు పక్కన అదీ బాగానే పని చేస్తుంది. మొత్తానికి ఇంతా చెప్పింది ఎందుకంటే, వైన్ షాపులో నిలబడి ఏ సీసా తీసుకోవాలో తెలియనప్పుడు మనసులో పెట్టుకోవాల్సిన గుర్తు క్యాబర్నే కాదు, కల్లు. వీటిలో కల్లుకి దగ్గర చుట్టం ఏది? అది కొనండి.

ఆ చుట్టాలు దూరంగా ఎక్కడో లేవు, మన దక్కన్ పీఠభూమి మీదే ఉన్నాయి. పెద్ద కేంద్రం నాసిక్. రాజీవ్ సామంత్ అక్కడ సులా అనే వైన్ కంపెనీ పెట్టి 2000లో మొదటి వైన్లు విడుదల చేశాడు, అవి షెనిన్ బ్లాంక్, సావిన్యాన్ బ్లాంక్, ఇప్పటికీ మన తిండికి ఆ రెండే మొదట అడగాల్సినవి. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ పాలసీ తెచ్చి వైన్‌కి పన్నుల్లో వెసులుబాటు ఇచ్చాక వైనరీలు వరసగా వచ్చాయి. బెంగళూరు పక్కన నంది హిల్స్ దగ్గర కన్వల్ గ్రోవర్ అంతకంటే ముందే, 1980ల చివర్లోనే మొదలుపెట్టాడు, ఇప్పుడది గ్రోవర్ జంపా. సోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రాటెల్లి ఉంది, అక్కడ సాంజోవేజే బాగా పండిస్తారు. హైదరాబాద్ వాళ్ళు గర్వంగా చెప్పుకోదగ్గది ఇంకోటి ఉంది, హంపి కొండల దగ్గరి కృష్మా ఎస్టేట్స్. దాని యజమానులు కృష్ణప్రసాద్ చిగురుపాటి, ఉమా చిగురుపాటి, హైదరాబాద్ మందుల కంపెనీ గ్రాన్యూల్స్ వాళ్ళు, ఇద్దరి పేర్లూ కలిపే ఆ పేరు పెట్టారు. క్యాబర్నే, సాంజోవేజే వేస్తారు, ధర ఎక్కువే.

మరి హైదరాబాద్ చుట్టూ అంత ద్రాక్ష ఉండేది కదా, ఇక్కడ వైన్ ఎందుకు రాలేదు అని అడుగుతారు. ఉండేది, నిజమే. 19వ శతాబ్దం చివర్లో ఇక్కడికొచ్చిన అనాబ్-ఎ-షాహీ ఒకప్పుడు ఈ నగరం చుట్టుపక్కల తోటలకి పేరు తెచ్చింది, పాత తరం వాళ్ళు ఇప్పటికీ ఆ పెద్ద పెద్ద అంగూర్ గుత్తుల గురించి చెప్తారు. కానీ అది తినే ద్రాక్ష. పండు పెద్దది, తొక్క పలచన, నీరు ఎక్కువ. వైన్‌కి కావాల్సింది చిన్న పండు, మందం తొక్క, గింజలు, చిక్కటి తీపి, దానికి సరిపడా పులుపు. అది చేత్తో కోసుకుని తింటే అంత బాగుండదు కూడా. రెండో కారణం రాత్రులు. ద్రాక్ష పండే జనవరి, ఫిబ్రవరిలో నాసిక్ రాత్రులు మన కంటే బాగా చల్లగా ఉంటాయి, పగలు ఎండకి తీపి పెరుగుతుంది, రాత్రి చలికి పులుపు కరిగిపోకుండా ఉంటుంది. నంది హిల్స్ దగ్గర దాదాపు 900 మీటర్ల ఎత్తు అదే పని చేస్తుంది. మూడో కారణం మేడ్చల్, శంషాబాద్ వైపు వెళ్తే కనిపిస్తుంది, తోటలున్న చోట ఇప్పుడు వెంచర్లు.

దక్కన్ వైన్‌కి ఇంకో తమాషా ఉంది. ఫ్రాన్స్‌లో ద్రాక్ష తీగ చలికాలం నిద్రపోతుంది, వసంతంలో లేస్తుంది, శరత్తులో కోత. మన దగ్గర నిద్రపుచ్చే చలి లేదు కాబట్టి రైతు కత్తెరతో క్యాలెండర్ రాస్తాడు. కోత అయ్యాక ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి కత్తిరిస్తారు, వానలు తగ్గుతుండగా సెప్టెంబర్, అక్టోబర్‌లో రెండోసారి, ఆ రెండో కత్తిరింపు తర్వాత వచ్చేదే పంట. జనవరి నుంచి మార్చి దాకా కోత. అంటే ప్రపంచంలో చాలా చోట్ల ఆగస్టు నుంచి అక్టోబర్ వరకు జరిగే పని ఇక్కడ సంక్రాంతి తర్వాత జరుగుతుంది, చూడాలనుకుంటే నాసిక్ వెళ్ళాల్సింది అప్పుడే.

ఇక తినే దగ్గరికి వద్దాం. ఇక్కడ మన అలవాటు ఒకటి ఒప్పుకోవాలి. మనం తింటూ తాగం, తాగడం అయ్యాక తింటాం. సిట్టింగ్ అంతా స్టఫ్‌తో నడుస్తుంది, చివర్లో "ఇక అన్నం పెట్టేయండి" అంటే గ్లాసులు లేచిపోతాయి. యూరప్ పుస్తకాలు భోజనానికి వైన్ చెప్తాయి, మనకి కావాల్సింది స్టఫ్‌కి వైన్. నా ఉద్దేశంలో ఇది మంచి అలవాటే, ఎందుకంటే తెలుగు భోజనం మొత్తానికి ఒక వైన్ కుదరడం అసాధ్యం. పప్పు, వేపుడు, పులుసు, పచ్చడి, పెరుగు అని ముద్ద ముద్దకీ రుచి మారిపోతుంటే ఏ సీసా దేనికని సర్దుకుంటుంది? స్టఫ్ అలా కాదు, ఒకటి రెండు రకాలు ఉంటాయి, వాటికి జోడీ చూడటం తేలిక.

చికెన్ 65కి నాసిక్ షెనిన్ బ్లాంక్ పెట్టి చూడండి, బాగా చల్లబరిచి. ఆ వైన్‌లో అంచున కొంచెం తీపి వదులుతారు, అది కారాన్ని పట్టుకుంటుంది, పులుపు నూనెని కోస్తుంది. అపోలో ఫిష్‌లో కరివేపాకు, పచ్చిమిర్చి వాసనలు ఎక్కువ, దానికి సావిన్యాన్ బ్లాంక్. ఆ ద్రాక్షలో సహజంగానే పచ్చి క్యాప్సికం వాసన ఇచ్చే పైరజీన్లు ఉంటాయి కాబట్టి రెండూ ఒకే పెరట్లో పెరిగినట్టు కలిసిపోతాయి. కొత్తిమీర, పుదీనా వేసిన హరియాలీ కబాబ్‌లకీ ఇదే. మసాలా పల్లీలు, సర్వపిండి, సకినాలు... వీటికి స్పార్క్లింగ్ వైన్. కారం తక్కువ, ఉప్పూ నూనే కరకరా ఎక్కువ ఉన్న దేనికైనా బుడగలు బాగుంటాయి, అక్కడ గ్యాస్ చురుకు కూడా బాధించదు. సర్వపిండి పక్కన బ్రూట్, అంటే తీపి లేని స్పార్క్లింగ్ వైన్, అంటే నవ్వే వాళ్ళుంటారు, తాగాక నవ్వరు.

మిరియాల మాంసం వేపుడు దగ్గర మాత్రం రెడ్‌కి అవకాశం ఇవ్వాలి. షిరాజ్ ద్రాక్షలో కనిపించే మిరియాల వాసనకి కారణం రోటండోన్ అనే పదార్థమని 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. నిజం మిరియాల్లో ఉన్నదీ అదే పదార్థం, వాటిలో ఇంకా ఎక్కువ. మిరియాల మంట మిరపకారమంత మొండిది కాదు కాబట్టి ట్యానిన్‌తో మరీ గొడవ పడదు, వేపుడులో కొవ్వు మిగతాది చూసుకుంటుంది. ఎండుమిర్చి వేయకుండా మిరియాలతోనే చేస్తే ఇంకా మంచిది.

మొదటి ప్రశ్నకి వస్తే, గోంగూర మటన్‌కి రోజే, అంటే లేత గులాబీ రంగు వైన్. రోజేకి తొక్కల దగ్గర ఉండే సమయం తక్కువ కాబట్టి వగరు దాదాపు ఉండదు, పులుపు వైట్‌లా ఉంటుంది, పండు రుచి రెడ్ వైపు మొగ్గుతుంది. రెడ్డే కావాలి అని పంతం ఉంటే సాంజోవేజే, ఓక్ తక్కువ ఉన్నది, కాస్త చల్లగా. చేపల పులుసుకి సావిన్యాన్ బ్లాంక్ లేదా రీస్లింగ్, మర్నాటి పులుసు అయితే ఇంకా బాగుంటుంది, కారం కొంచెం సర్దుకుని పులుపు ముందుకొస్తుంది.

బిర్యానీ గురించి అందరూ అడుగుతారు, నిజానికి అది వీటన్నిటికంటే తేలిక. కచ్చీ గోష్త్ బిర్యానీలో కారం మరీ ఎక్కువ ఉండదు, నెయ్యి, వేయించిన ఉల్లిపాయ, యాలకులు, కుంకుమపువ్వు, పుదీనా. పూల వాసన ఉన్న వియోనియే అనే వైట్ వైన్ దీనికి బాగా సరిపోతుంది. ఆ పూల వాసనలో పాలున్న లినలూల్ అనే పదార్థం యాలకుల్లోనూ ధనియాల్లోనూ ఉంది. చిక్కంతా పక్కన గిన్నెలో వస్తుంది. మిర్చీ కా సాలన్ కలిపారంటే చింతపండు, పల్లీ, నువ్వులు, మిర్చి అన్నీ ఒకేసారి దిగుతాయి, వియోనియేకి అంత పులుపు లేదు, అది కనపడకుండా పోతుంది. కాబట్టి గ్లాసు చేతిలో ఉన్నంతసేపూ రైతాతో తినండి, సాలన్‌ని చివరి రౌండుకి ఉంచుకోండి. హలీమ్ పక్కన వైన్ ఏంటని మాత్రం నన్ను అడగొద్దు, దానికి నిమ్మకాయ చెక్క చాలు. ఆవకాయకి కూడా వైన్ లేదు. ఆవపిండి, కారం, ఉప్పు, పచ్చినూనె కలిసి ఏ సీసానైనా కూల్చేస్తాయి, ఆవకాయకి పప్పూ నెయ్యీ ఉన్నాయి, ఇంకెవరూ అక్కర్లేదు.

తీపి విషయంలో ఒక్కటే నియమం, వైన్ స్వీట్ కంటే తియ్యగా ఉండాలి, లేకపోతే పుల్లటి నీళ్ళు తాగినట్టు ఉంటుంది. ఖుబానీ కా మీఠాకి లేట్ హార్వెస్ట్ షెనిన్ (ద్రాక్షని బాగా ముగ్గనిచ్చి ఆలస్యంగా కోసి చేసే తియ్యటి వైన్) దొరికితే చిన్న గ్లాసులో. దొరక్కపోతే ఐస్‌క్రీమ్ ఎప్పుడూ ఉంది.

ఇన్ని జోడీలు కుదిర్చినా హైదరాబాద్ ఎండ ఒక్కటే వాటిని పాడు చేయగలదు. "రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలి" అన్న మాట చలి దేశాల్లో రాతి ఇళ్ళున్నప్పటిది, దాని అర్థం 16 నుంచి 18 డిగ్రీలు. ఏప్రిల్‌లో మన గది 35. ఆ వేడిలో రెడ్ పోస్తే ఆల్కహాల్ ముక్కుకి కొడుతుంది, మిగతావేవీ తెలియవు. రెడ్ సీసాని కూడా పోసే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి, వైట్‌నీ రోజేనీ రెండు మూడు గంటలు. హోటల్లో వెచ్చటి రెడ్ తెచ్చిస్తే ఐస్ బకెట్ అడగడానికి మొహమాటపడొద్దు. వెయిటర్ వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

కొనే చోట కూడా ఎండ సంగతే. మన వైన్స్‌లో అమ్ముడయ్యేది ఎక్కువగా విస్కీ, బీరు, వైన్ సీసాలు పై అరలో ట్యూబ్‌లైట్ పక్కన నెలల తరబడి నిలబడి ఉంటాయి. విస్కీకి అది ఏమీ కాదు, వైన్ ఉడికిపోతుంది. వైన్ బాగా తిరిగే పెద్ద షాపుకి వెళ్ళండి, ఏసీ ఉందో చూడండి, వైట్, రోజే అయితే లేబుల్ మీద ఉన్న సంవత్సరం ఎంత దగ్గరిదైతే అంత మంచిది, కార్క్ పైకి ఉబ్బినా, మూత చుట్టూ జిగట కారినా వదిలేయండి. నాసిక్ సీసా మహారాష్ట్రలో ఒక ధర, ఇక్కడ ఇంకో ధర ఎందుకంటే, మద్యం విషయంలో ఒక్కో రాష్ట్రం ఒక్కో దేశం లెక్క, పన్నులు వేరు, లేబుళ్ళ రిజిస్ట్రేషన్ వేరు, తెలంగాణలో హోల్‌సేల్ మొత్తం ప్రభుత్వ కార్పొరేషన్ చేతిలోనే ఉంటుంది. అందుకే అక్కడ తాగి నచ్చిన చిన్న వైనరీ సీసా ఇక్కడ కనపడదు. విదేశీ వైన్ మీద దిగుమతి సుంకాలన్నీ కలిపి ఏళ్ళుగా 150 శాతం, ఆస్ట్రేలియాతో ఒప్పందం 2022 డిసెంబర్ చివర్లో అమల్లోకి వచ్చాక అక్కడి ఓ స్థాయి ధర దాటిన సీసాలకి మాత్రం తగ్గింపు మొదలైంది. అందుకే విదేశీ లేబుల్ మీద మీరు పెట్టే డబ్బులో వైన్‌కి పోయేది కొంతే, అదే డబ్బుకి నాసిక్‌లోనో నంది హిల్స్‌లోనో పై మెట్టు సీసా వస్తుంది. అలవాటు లేనివాళ్ళు ఈ వ్యాసం చదివి కొత్తగా మొదలుపెట్టాల్సిన పనేం లేదు, కొనడానికి తెలంగాణలో 21 ఏళ్ళు నిండాలి, తాగాక బండి తీయకూడదు, ఇవి మీకు తెలిసినవే.

మిగిలిన సీసాని మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి, రెడ్ అయినా సరే. మూడు నాలుగు రోజులు తాగేలా ఉంటుంది. ఆ తర్వాత పుల్లబడుతుంది, అప్పుడు పారబోయకుండా వైట్ అయితే చేప ముక్కలకి నిమ్మరసం బదులు పట్టించండి, రెడ్ అయితే మటన్ నానబెట్టేటప్పుడు పెరుగు కొంచెం తగ్గించి ఒక గరిటెడు పోయండి.